పురిటి మైల, అంటరానితనం ఒకటేనా? పౌరహక్కుల దినం సభలో వచ్చిన ప్రశ్న

ప్రశ్న: సచివాలయ ఉద్యోగి, చీపురుపల్లి

పెద్దలకు నమస్కారం. చీపురుపల్లి వైపు ఒక గ్రామ సచివాలయంలో సంక్షేమ, విద్యా సహాయకుడిగా పనిచేస్తున్నాను. నెలనెలా 30వ తేదీన జరిపే పౌరహక్కుల దినం ఏర్పాట్లు నేనే చూస్తాను. సాధారణంగా అధికారులు వచ్చి చట్టం గురించి నాలుగు మాటలు చెబుతారు, ఫొటోలు తీస్తారు, హాజరు పుస్తకంలో సంతకాలు పెట్టడంతో సభ ముగుస్తుంది. పోయిన నెల మాత్రం ఊరంతా గౌరవించే ఒక పెద్దాయన లేచి ఇలా అన్నారు: "బాలింతను మా ఇంట్లో పురుడు వెళ్లేదాకా ఎవరమూ ముట్టుకోము. చావు జరిగిన ఇంట పెద్దకర్మ అయ్యేవరకూ మంచినీళ్లయినా తాగము. మడి కట్టుకున్న మా అమ్మను చిన్నతనంలో నేనే తాకడానికి వీలుండేది కాదు. అంటు అందరికీ ఉంది, పేటవాళ్లకూ ఉంది. ఇది నేరమైతే మా ఇంటి ఆడవాళ్లందరినీ తీసుకుపోయి జైల్లో పెట్టండి." సభలో చాలామంది నవ్వారు. పేట నుంచి, అంటే దళితుల వాడ నుంచి, వచ్చినవాళ్లు నవ్వలేదు. వేదిక మీద ఎవరూ జవాబు చెప్పకుండానే తరువాతి అంశానికి వెళ్లిపోయారు.

ఆయన దురుద్దేశంతో అన్నారని నేను అనుకోవడం లేదు. నిజంగానే ఆయన అలా నమ్ముతున్నారు. శాస్త్రాలలో ఈ రెండు రకాల అంటూ ఒకటిగానే ఉన్నాయా, వేరువేరుగా ఉన్నాయా? రాజ్యాంగం రద్దు చేసిన అంటరానితనం అంటే ఖచ్చితంగా ఏది? వచ్చే సభలో ఆయన ముందు నిలబడి, ఆయన మర్యాదకు భంగం లేకుండా, సరైన సమాధానం చెప్పాలని ఉంది. తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: విశ్రాంత సంస్కృతోపన్యాసకుడు, శ్రీకాకుళం

మీ ఊరి పెద్దాయన వాదానికి శాస్త్రంలో ఆధారం లేకపోలేదు. మనుస్మృతి ఐదవ అధ్యాయంలో 85వ శ్లోకం చండాలుణ్ణి, రజస్వలను, పతితుణ్ణి, బాలింతను, శవాన్ని, శవాన్ని తాకినవాణ్ణి ఒకే వరుసలో పేర్కొని, వీరిలో ఎవరిని తాకినా స్నానంతో శుద్ధి కలుగుతుందని చెబుతుంది. తాకినవాడి వైపు నుంచి చూస్తే అన్నీ ఒకటే: మునిగితే పోతుంది. తాకబడినవారి వైపు నుంచి చూస్తేనే అసలు భేదం తెలుస్తుంది. బాలింతకు లెక్కపెట్టిన రోజులున్నాయి. జ్ఞాతి మరణించినప్పుడు బ్రాహ్మణుడికి పది రోజులు, క్షత్రియుడికి పన్నెండు, వైశ్యుడికి పదిహేను, శూద్రుడికి నెల అని అదే అధ్యాయం నియమం పెట్టింది. ఆ వరుసలో ఉన్నవారిలో పుట్టుక కారణంగా అక్కడ చేరినవాడు చండాలుడు ఒక్కడే. అతడికి ఏ గడువూ చెప్పలేదు, అతడు ఎన్ని నదులలో మునిగినా మార్పు లేదు. అతడి బిడ్డకూ అంతే.

పదవ అధ్యాయానికి వస్తే విషయం తాకడం దగ్గర ఆగదు. 51 నుంచి 56 వరకు ఉన్న శ్లోకాల ప్రకారం చండాలులు, శ్వపచులు (కుక్కమాంసం వండుకునేవారని పేరు పెట్టి వెలివేసినవారు) ఊరి వెలుపల ఉండాలి. కుక్కలూ గాడిదలే వారి ధనం. శవాల మీది బట్టలే వారి వస్త్రాలు. ఇనుమే వారి ఆభరణం. అన్నం పగిలిన పాత్రలో, అదీ మరొకరి చేత పెట్టించాలి. రాత్రివేళ ఊళ్లలో, పట్టణాలలో తిరగరాదు. దిక్కులేని శవాలను వారు మోయాలి. మరణశిక్షలను వారు అమలు చేయాలి. మైలకు సంబంధించిన నియమమే అయితే ఆస్తి గురించి, నగల గురించి, నివాసం గురించి చెప్పవలసిన అవసరమేమిటి? ఏ బాలింతకూ ఇనుప నగలు పెట్టుకొమ్మని ఏ స్మృతీ చెప్పలేదు. ఒక వర్గం ఎక్కడ బతకాలి, ఏ పని చేయాలి, ఎంతకు మించి కలిగి ఉండకూడదు అన్నది ఇక్కడ శాసనంగా కనిపిస్తున్నది.

ఇది మనువుతో మొదలైనదీ కాదు. పాణిని తన వ్యాకరణంలో రెండవ అధ్యాయం నాలుగవ పాదం పదవ సూత్రంలో, వెలివేయబడని శూద్రుల పేర్లతో సమాసం ఎలా చేయాలో చెబుతాడు. పాణిని సూత్రాలకు భాష్యం రాసిన, సామాన్య శకానికి పూర్వం రెండవ శతాబ్దంనాటి పతంజలి, వెలివేయబడినవారెవరు అని చర్చించి, ఎవరు తిన్న పాత్ర తోమినా శుద్ధి కాదో వారే అని తేలుస్తాడు. వ్యాకరణ గ్రంథంలో ఈ మాట దొరకడం నా దృష్టిలో ధర్మశాస్త్ర వాక్యం కన్నా బలమైన సాక్ష్యం. ధర్మశాస్త్రకారుడు ఎలా ఉండాలో రాస్తాడు, వైయాకరణుడు జనం మధ్య ఏది ఉన్నదో దానిని ఉదాహరణగా తీసుకుంటాడు. ఇక 5వ శతాబ్దం మొదట్లో ఉత్తర భారతంలో తిరిగిన చైనా యాత్రికుడు ఫాహియాన్, చండాలులు ఊరికి దూరంగా ఉండేవారనీ, నగరంలోకో అంగడిలోకో వచ్చేటప్పుడు కర్రముక్కతో చప్పుడు చేసేవారనీ, ఆ చప్పుడు విని జనం పక్కకు తప్పుకునేవారనీ రాశాడు.

అయితే ఇదే సంప్రదాయం తన అవసరానికి తలుపులు తెరుచుకున్నది కూడా. దేవయాత్రలలో, వివాహాలలో, యజ్ఞాలలో, సకల ఉత్సవాలలో తాకుడు దోషం లేదని అత్రి స్మృతి చెబుతుంది. మన పైడితల్లమ్మ సిరిమాను రోజున విజయనగరం వీధులలో ఎవరి భుజం ఎవరికి తగులుతున్నదో చూడగలిగినవాడు ఎవడు? అంతమంది చేత స్నానం చేయించలేక పెట్టుకున్న మినహాయింపు అది. వీలు కానప్పుడు లేకుండా పోయే దోషాన్ని ప్రకృతి సిద్ధమైనదిగా చెప్పడం ఎంతవరకు సబబో మీ పెద్దాయనను వినయంగానే అడగవచ్చు.

సమాధానం: ఒక సభ్యుడు, బొబ్బిలి

మాస్టారి పాండిత్యం మీద గౌరవంతోనే భిన్నాభిప్రాయం చెబుతున్నాను. ఋగ్వేద పురుషసూక్తంలో నాలుగు వర్ణాలే ఉన్నాయి. ఐదవది లేదని మనువే పదవ అధ్యాయంలో స్పష్టంగా అన్నాడు. చండాలుడి గురించి చెప్పినదానిని నేటి మాలలకు, మాదిగలకు, రెల్లివారికి, పైడివారికి అంటగట్టడం చారిత్రకంగా సరికాదు. ఆ కులాల పేర్లు ఏ స్మృతిలోనూ లేవు. విదేశీ దండయాత్రల కాలంలో సమాజం ముడుచుకుపోయి ఈ దురాచారం పెరిగిందని నా అభిప్రాయం. వెలిగా చూసిన కులాలలో పుట్టిన భక్తులు తిరుప్పాణాళ్వారును, నందనారును పూజించిన మతం ఇది.

సమాధానం: విశ్రాంత సంస్కృతోపన్యాసకుడు, శ్రీకాకుళం

మీరన్న దానిలో సగం నిజం. స్మృతులు చెప్పిన చండాలుడు వేరు, మన ప్రాంతపు కులాలు వేరు. శూద్ర పురుషుడికి, బ్రాహ్మణ స్త్రీకి పుట్టినవాడు చండాలుడని మనువు చెప్పిన పుట్టుక కథ, లక్షలమంది ఉన్న కులాలకు వర్తించదని ఎవరైనా ఒప్పుకుంటారు. అసలు ఆ కథే, ముందుగా వెలివేసి తరువాత కల్పించుకున్న కారణమని నేను భావిస్తాను. కానీ పేర్లు లేకపోయినా నియమాలు మాత్రం అచ్చంగా దిగివచ్చాయి: ఊరి వెలుపల నివాసం, చచ్చిన పశువు, పాత్ర, దారి. దండయాత్రల వాదానికి కాలమే ఎదురు చెబుతుంది. అరబ్బులు సింధును జయించింది 712లో, పతంజలి అంతకు ఎనిమిది వందల ఏళ్లకు పైగా ముందువాడు.

నందనారు చిదంబరంలో గుడి లోపలికి వెళ్లింది అగ్నిలో దూకి కొత్త దేహంతో వెలువడిన తరువాతనే. తిరుప్పాణాళ్వారు శ్రీరంగం గర్భాలయంలో ప్రవేశించింది అక్కడి అర్చకుడు లోకసారంగముని భుజాల మీద. ఇద్దరూ తమ కాళ్లతో, తామున్న దేహంతో లోపలికి నడవలేదు. ఆ కథలలో భక్తి గొప్పదే, గుడి నియమం మాత్రం చెక్కుచెదరలేదు.

సమాధానం: ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు, రాజాం

నేను పేటలో పుట్టి పెరిగినదానిని. గ్రంథాల సంగతి మాస్టారు చెప్పారు కనుక, మా ఇంట్లో తెలిసిన సంగతి చెబుతాను.

మా నాయనమ్మ మంత్రసాని. మా ఊరిలో ఇప్పుడు అరవై దాటినవాళ్లలో చాలామంది ఆమె చేతుల మీద పుట్టినవారే. నొప్పులు మొదలైతే అర్ధరాత్రి అయినా ఊరి నుంచి కబురు వచ్చేది. పురిటిగదిలోకి వెళ్లేది, బిడ్డను పట్టుకునేది, బొడ్డు కోసేది, బాలింతకు ఒళ్లు తుడిచేది. అప్పుడు ఆమె చెయ్యి ఎవరికీ అంటు కాదు. పురుడు వెళ్లిన రోజున ఇల్లంతా కడుక్కుని బాలింతను లోపలికి తీసుకునేవారు. మా నాయనమ్మకు ఆ రోజున బియ్యం, పాత చీర గడప బయట పెట్టేవారు. తాను భూమ్మీద వేసిన పిల్లవాడిని ఆ తరువాత ఎత్తుకోవాలంటే ఆమెకు వీలు లేదు. బాలింత మైల పదకొండో రోజున పోయింది సరే, బొడ్డు కోసిన మనిషి మైల ఏ రోజున పోయిందో సచివాలయం తమ్ముడు ఆ పెద్దాయనను అడగాలి. ఆయన వయసును బట్టి చూస్తే ఆయనను పట్టుకున్న చేతులు కూడా ఏ పేటవో అయి ఉండవచ్చు.

నీళ్ల సంగతి ఇంకా విచిత్రం. ఊరి నూతి దగ్గర మావాళ్లు దూరంగా కుండ పెట్టుకుని నిలబడాలి. నీళ్లు తోడుకోవడానికి వచ్చినవాళ్లలో ఎవరికైనా దయ కలిగితే, తమ బిందె మా కుండకు తగలకుండా ఎత్తి పోసేవారు. కొందరు పనుల తొందరలో చూడనట్టే వెళ్లిపోయేవారు. అదే ఆడవాళ్లు ఆ ఊరి మడిలో దిగి ఉడుపులు ఉడిచారు, కోతలు కోశారు, కళ్లంలో నూర్చారు. ఆ ధాన్యం వాళ్ల ఇంటికి చేరి, బియ్యమై, దేవుడి నైవేద్యంగా మారింది. వడ్లగింజకు అంటని అంటు అన్నం మెతుకుకు ఎలా అంటుకున్నదో నాకు ఈనాటికీ అర్థం కాదు. కష్టం కావలసిన చోట తాకుడు పట్టింపు ఉండదని, సమానంగా కూర్చోవలసిన చోటనే అది లేచి నిలబడుతుందని మాత్రం అర్థమయింది.

ఇప్పుడు నూతులు పూడిపోయాయి, ఇంటింటికీ కుళాయి వచ్చింది. టీ కొట్టులో రెండు గ్లాసులు లేవు. పేపరు కప్పు వచ్చాక ఎవరు ఎవరి గ్లాసు కడగాలన్న ప్రశ్నే పోయింది. దీనిని చూసి అంటరానితనం పోయిందని చెప్పేవాళ్లకు నేను వంగర మండలం లక్ష్మీపేటను గుర్తు చేస్తాను. 2012 జూన్ 12న మడ్డువలస ప్రాజెక్టు ముంపు భూముల తగాదాలో అక్కడ ఐదుగురు దళితులను చంపారు. అప్పుడది శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు మా విజయనగరం జిల్లా. అక్కడ ఎవరినో ముట్టుకున్నందుకు గొడవ రాలేదు. కూలికి రావలసినవాళ్లు తామే సాగు చేసుకుంటామని నిలబడ్డారు. మాస్టారు చెప్పిన ఇనుప నగల శ్లోకం చదివితే నాకు మొదట గుర్తుకు వచ్చింది ఆ ఊరే.

సమాధానం: ఒక యువకుడు, విజయనగరం పట్టణం

మేము రెల్లివారము. మేడమ్ గారి మాటలన్నీ నిజమే, ఒకటి చేర్చాలి. మా తాతల కాలం నుంచి పురపాలక సంఘంలో పారిశుద్ధ్యం పని మాది. ఇంట్లో ఆడవాళ్లు పళ్ల బుట్టలు పెట్టుకుని అమ్ముతారు. మా అక్క పెళ్లికి ఇతర దళిత కులాల స్నేహితులను పిలిచాము. అందరూ వచ్చారు, అక్షింతలు వేశారు, కట్నం చదివించారు, మూత తీయని కూల్‌డ్రింకు సీసా ఇస్తే తాగారు. భోజనాల పంక్తిలో మాత్రం ఎవరూ కూర్చోలేదు. పని ఉందని, ఆకలి లేదని వెళ్లిపోయారు. పైవాళ్లు మనల్ని ఎక్కడ పెట్టారో మనం మరొకరిని అక్కడ పెట్టడం గురించి కూడా ఆ సభలో ఎవరైనా చెబితే బాగుంటుంది. అంబేడ్కర్ గారు చెప్పిన మెట్ల అసమానత అంటే ఇదే కదా.

సమాధానం: న్యాయవాది, శ్రీకాకుళం

మీ పెద్దాయన లేవనెత్తిన ప్రశ్న రాజ్యాంగ సభలోనే వచ్చింది. 1948 నవంబరు 29న అంటరానితనాన్ని రద్దు చేసే అధికరణం చర్చకు వచ్చినప్పుడు, అంటరానితనం అంటే ఏమిటో నిర్వచనం లేదని కె.టి. షా ఆక్షేపించారు. మతం లేదా కులం కారణంగా అనే మాటలు స్పష్టంగా చేర్చాలని నజీరుద్దీన్ అహ్మద్ సవరణ ప్రతిపాదించారు. సవరణ వీగిపోయింది, నిర్వచనం లేకుండానే 17వ అధికరణం ఆమోదం పొందింది. 1955లో వచ్చిన అంటరానితనం నేరాల చట్టంలోనూ నిర్వచనం లేదు. ఆ చట్టమే 1976లో సవరణలతో పౌరహక్కుల పరిరక్షణ చట్టమయింది. మీ సభకు ఆ పేరు అక్కడినుంచే వచ్చింది.

నిర్వచనం లేని లోటును 1958లో మైసూరు హైకోర్టు తీర్చింది. రాజ్యాంగంలో ఆ పదం ఉల్లేఖన చిహ్నాల మధ్య ఉన్నదని గమనించి, నిఘంటువులోని అర్థం తీసుకోరాదనీ, ఈ దేశంలో చారిత్రకంగా పెరిగిన కుల ఆచారమే దాని అర్థమనీ న్యాయస్థానం చెప్పింది. అంటువ్యాధి వల్ల కొంతకాలం దూరం పెట్టడం, జనన మరణాల సందర్భంలో పాటించే మైల, కులతగాదాలలో జరిగే సాంఘిక బహిష్కారం దీని కిందికి రావని కూడా వివరించింది. కాబట్టి పెద్దాయన ఇంటి ఆడవాళ్లకు ఏ భయమూ లేదని ధైర్యం చెప్పండి. రజస్వల విషయంలో మాత్రం చర్చ ముగియలేదు: 2018 శబరిమల తీర్పులో జస్టిస్ చంద్రచూడ్ 17వ అధికరణాన్ని అంతవరకూ విస్తరించి చదివారు, జస్టిస్ ఇందూ మల్హోత్రా అంగీకరించలేదు.

మీకు పనికివచ్చే సంగతి మరొకటి ఉంది. పౌరహక్కుల చట్టం 12వ సెక్షను ప్రకారం, బాధితుడు షెడ్యూల్డు కులానికి చెందినవాడైతే, నేరమని చెప్పిన ఆ పని అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు భావించాలి. కాదని రుజువు చేసుకోవలసిన భారం ఎదుటివారిది. "మా ఉద్దేశం అది కాదు" అన్న మాట ఒక్కటే చాలదు. శిక్ష నెల నుంచి ఆరు నెలల జైలు, వంద నుంచి ఐదు వందల జరిమానా. ఇది నేటికి చాలా తక్కువే. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం బలమైనది. 2016 జనవరి 26 నుంచి అమలులోకి వచ్చిన సవరణ, ఉమ్మడి నీటి వనరులు, శ్మశానం, గుడి, చెప్పులతో నడవడం, సైకిలెక్కడం, పెళ్లి ఊరేగింపు వంటి వాటిని పేరుపేరునా చేర్చింది. ఎవరూ అడ్డుపడని పనులకు చట్టసభలు చట్టం చేయవు. ఆ జాబితా చదివితే ఈ దేశంలో ఇంకా ఏం జరుగుతున్నదో తెలుస్తుంది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, జైళ్లలో కులాన్ని బట్టి వంటా, ఊడ్పూ పంచే నియమాలను ఇదే 17వ అధికరణం కింద కొట్టివేసింది. యువకుడు చెప్పిన పని విషయం అంటరానితనంలో భాగమేనా అన్న సందేహానికి ఆ తీర్పే జవాబు.

ప్రశ్న అడిగినవారు: సచివాలయ ఉద్యోగి, చీపురుపల్లి

అందరికీ కృతజ్ఞతలు. మంత్రసాని మాట నేను సభలో తప్పక అడుగుతాను, మేడమ్ గారి ఊరు పేరు చెప్పకుండా. ఇంకొక సందేహం ఉంది. మా ఊరి అమ్మవారి సంబరంలో ఘటాలు అన్ని వీధులకూ వెళతాయి, పేట మొదట్లో ఉన్న రావిచెట్టు దగ్గర వెనక్కి తిరుగుతాయి. ఎవరినీ ఎవరూ అడ్డుకోరు. పూర్వం నుంచి వస్తున్న దారి అదేనంటారు. ఇది చట్టం కిందికి వస్తుందా? ఘటాన్ని పేటలోకి తీసుకువెళ్లేలా పెద్దలను ఒప్పిస్తే సరిపోతుందా?

సమాధానం: న్యాయవాది, శ్రీకాకుళం

మతసంబంధమైన ఊరేగింపులో పాల్గొనకుండా ఆపడం పౌరహక్కుల చట్టం 4వ సెక్షను కింద నేరమే. ఎవరినీ ఆపకుండా దారి మాత్రం మళ్లించడం వేరే సంగతి. సాక్ష్యాన్ని బట్టి ఉంటుంది, కేసు నిలుస్తుందని నేను హామీ ఇవ్వలేను. పండుగకు ముందే తహశీల్దారు గారి సమక్షంలో ఇరువైపుల వాళ్లనూ కూర్చోబెట్టి, దారిని కాగితం మీద రాయించడం మేలు. ఎవరైనా అడ్డుపడితే 14566 జాతీయ సహాయ సంఖ్యకు ఫోన్ చేయవచ్చని కూడా అదే సభలో ప్రకటించండి.

సమాధానం: ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు, రాజాం

తమ్ముడూ, ఘటం కన్నా ముందు చందా పుస్తకం చూడండి. మా ఊరిలో సంబరానికి ఇంటింటికీ చందా రాస్తారు. పేటకు మాత్రం రాయరు. పేదవాళ్లు కదా, ఎందుకు ఇబ్బంది పెట్టడం అంటారు. చందా ఇచ్చినవాడు లెక్క అడుగుతాడు, కమిటీలో కూర్చుంటాడు, ఘటం ఎటు వెళ్లాలో చెబుతాడు, అందుకే తీసుకోరు. డప్పులకు మాత్రం మావాళ్లనే పిలుస్తారు, కూలి ఇచ్చి పంపేస్తారు. మీ ఊరి పుస్తకంలో పేట ఇళ్లు ఉన్నాయో లేదో చూసి, లేకపోతే ఈ ఏడాది రాయించండి. పేట ఇళ్ల నుంచి ఎవరైనా కమిటీలో కూర్చుంటే ఘటం ఎటు తిరగాలన్నది వాళ్లే మాట్లాడుకుంటారు.